చలికాలం ఇల్లు, టెక్కలి బండ

వేసవికి ఊటీ వెళ్లేవాళ్లుంటారు. మాకు చలికాలం ఇల్లు ఉండేది. వినడానికి దర్జాగా ఉంది గానీ, అది నరసన్నపేట దగ్గర ఓ పల్లెలో మా తాతగారు కట్టిన నాటు పెంకుల ఇల్లు. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఖరగ్‌పూర్ పరాయి ఊరేం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్లు పని వెతుక్కుంటూ అక్కడికి పోతూనే ఉన్నారు. మా వీధిలో పాలవాడు కూడా బాకీ తెలుగులోనే అడిగేవాడు.

రిటైరయ్యాక అమ్మా నాన్నా ఏడాదిని రెండుగా పంచుకున్నారు. దీపావళి వెళ్లి, తుఫాన్ల భయం కాస్త తగ్గాక రైలెక్కేవాళ్లు. చిలకా సరస్సు దాటి, బరంపురం దాటి, ఇచ్ఛాపురం స్టేషన్ బోర్డు మీద తెలుగు అక్షరాలు కనబడగానే అమ్మ చెప్పులు వెతుక్కునేది, దిగాల్సిన చోటు ఇంకా ఎంతో దూరం ఉన్నా సరే. పలాసలో పాసింజరు పట్టుకుని తిలారులో దిగితే మావయ్య బండి కట్టుకుని వచ్చి ఉండేవాడు. వరి కోతలు, నూర్పులు, కౌలు ధాన్యం లెక్కలు, సంక్రాంతి, ఆ తర్వాత అరసవల్లిలో రథసప్తమి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతే వాళ్లూ వెళ్లిపోయేవాళ్లు. మిగతా ఏడాదంతా ఆ ఇంట్లో మామ్మ ఒక్కర్తే.

ఆ ఇంట్లో అన్నీ బాగానే ఉండేవి, వంటిల్లు తప్ప. తల వంచితే గానీ లోపలికి వెళ్లలేని గుమ్మం. ఒక మూల రెండు కట్టెల పొయ్యిలు, వాటి పైన పొగగూడు. ఆ పొగగూడులోంచి పొగ బయటికి పోయేది తక్కువ, ఇల్లు చుట్టి వచ్చేది ఎక్కువ. వాసాలు, దూలాలు, గోడలు అన్నీ నున్నటి నలుపు. పట్టపగలు కూడా పోపులో ఆవాలు చిటపటలాడాయో లేదో చెవితో తెలుసుకోవాల్సిందే గానీ కంటికి కనిపించేవి కావు. నీళ్లు నూతి దగ్గర్నుంచి బిందెలతో రావాలి. కూరలు తరగడం, రుబ్బడం, వండడం అన్నీ నేల మీద కూర్చునే. అమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. పొగకి దగ్గు సరేసరి.

అయినా మామ్మ బతికుండగా ఆ వంటింటి జోలికి ఎవరూ వెళ్లేవారు కాదేమో, దీపం పథకం రాకపోతే. 1999లో ప్రభుత్వం డ్వాక్రా మహిళలకి గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మరుసటి చలికాలం మేము వెళ్లేసరికి మా పక్కింటి పూరిపాకలో ఎర్ర సిలిండరు కూర్చుని ఉంది. పక్కింటి పిన్ని అమ్మని పిలిచి మరీ నీలం మంట చూపించింది. అమ్మ ఇంటికొచ్చి ఏమీ అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని గొట్టంతో ఊదుతూ నాన్న వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుతోనే వంటింటి పని మొదలైందని నేను ఇప్పటికీ అంటాను.

మేస్త్రీలు దొరకలేదు. మా ఊళ్లో తాపీ పట్టేవాళ్లకి కొదవ లేదు, కానీ వాళ్లు ఊళ్లో ఉంటే కదా! హైదరాబాదు అపార్టుమెంట్లు, చెన్నై అపార్టుమెంట్లు కట్టేది మా జిల్లా వాళ్లే. పండక్కి వస్తారు, పండగ మర్నాడు మూటలు కట్టుకుని పోతారు. ఊళ్లో మిగిలిన ఒకరిద్దరు ముసలి మేస్త్రీలు కూడా కోతల్లో ఉన్నారు.

"మేస్త్రీ ఎందుకు, నేను చేస్తాను" అన్నారు నాన్న.

మామ్మ నవ్వింది. "నువ్వేటి సేస్తావురా? ఎప్పుడైనా తాపీ పట్టినావా?"

"బోగీలు బిగించినోణ్ణి, నాలుగిటకలు పేర్చలేనా?"

"బోగీలో కూడొండుకు తింతారేటి? అది వేరు, ఇది వేరు" అంది మామ్మ. ఒక షరతు మాత్రం పెట్టింది. పండగ నెల పట్టకముందే కొత్త పొయ్యి పడాలి. ధనుర్మాసంలో పొయ్యి కదపడానికి ఆవిడ ఒప్పుకోదు.

నేను అప్పుడే డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. అన్నయ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చేవాడు. కాబట్టి కూలీ, హెల్పరు, సూపర్‌వైజరు అన్నీ నేనే.

నాన్న గోడకి గునపం పెట్టే ముందు చేసిన పని నాకు బాగా గుర్తు. ఒక రోజంతా వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, అమ్మ వండుతుంటే చూస్తూ కూర్చున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన వంటింట్లో అంతసేపు ఉండటం అదే మొదటిసారి. అమ్మకి విసుగొచ్చింది.

"అలా గుడ్లప్పగించి చూస్తుంటే పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండడం లేదండీ."

"నీ పని నువ్వు చూసుకో" అని ఆయన గీతలు గీస్తూనే ఉన్నారు. నూతి గట్టు నుంచి పొయ్యికి ఒక గీత, పొయ్యి నుంచి పోపుల పెట్టెకి ఒక గీత, అక్కణ్ణుంచి పెరట్లో కరివేపాకు చెట్టుకి, మళ్లీ పొయ్యికి, బియ్యం డబ్బాకి, గంజి వార్చే చోటుకి. సాయంత్రానికి ఆ కాగితం ఖరగ్‌పూర్ యార్డు మ్యాపులా తయారైంది. దాన్ని చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంత తిరుగుతావా నువ్వు?" అని మాత్రం అడిగారు.

అసలు సంగతి మర్నాడు గట్టు ఎత్తు కొలిచేటప్పుడు బయటపడింది. అమ్మని గోడకి ఆనించి నిలబెట్టి, చెయ్యి మోచేతి దగ్గర మడవమని, నేల నుంచి మోచేతి దాకా టేపు పెట్టారు. 36 అంగుళాలు వచ్చింది. స్టవ్ ఎత్తు 4, గిన్నె ఎత్తు ఇంకో 3, గరిట తిప్పే చెయ్యి భుజం ఎగరేయకుండా తిరగాలి. లెక్కలన్నీ వేసి, "అయితే బండ 29 అంగుళాల దగ్గర రావాలి. కానీ మామూలుగా అందరూ 32, 33 పెడతారే" అన్నారు సందేహంగా.

"అందరికీ పెట్టిందే క్వార్టర్స్‌లోనూ పెట్టారు. అందుకేగా పీటెక్కి వండింది" అంది అమ్మ.

"పీటేమిటి?"

అమ్మ ఆయన్ని వింతగా చూసింది. ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో వంటింటి గట్టు కింద ఒక పాత పీట ఎప్పుడూ ఉండేది. నాకూ తెలుసు, అన్నయ్యకీ తెలుసు. దాని మీద కూర్చుని మేము హోంవర్క్ చేసుకోబోతే అమ్మ లాక్కునేది. అది ఎందుకుందో మేమెవ్వరం అడగలేదు. అమ్మ పొట్టి మనిషి. గట్టు అందక, మేము పుట్టక ముందు నుంచీ పీట ఎక్కి వండుతూ, పక్కకి జరగాలంటే దిగి, పీటని కాలితో తోసి, మళ్లీ ఎక్కుతూ గడిపింది. వర్క్‌షాపులో అంగుళంలో వెయ్యో వంతు తేడా వస్తే పట్టుకునే మనిషికి ఇంట్లో ఉన్న ఈ తేడా కనబడలేదు. నాన్న నోటు పుస్తకంలో 29 అని రాసి, చుట్టూ గుండ్రంగా గీసి, దాని కింద రెండు గీతలు కొట్టారు. ఆ పేజీ నా దగ్గరే ఉంది.

అక్కణ్ణుంచి పని పట్టాలెక్కింది. వంట పెరట్లో పనస చెట్టు కిందికి మారింది. మూడు ఇటుకలు పెట్టి దాని మీద అన్నం, పప్పు. పొద్దున్నే మంచు పడుతుంటే గొంగళి కప్పుకుని మామ్మ చోడి అంబలి కాచేది. ఇప్పుడు రాగి జావ అని గ్లాసుల్లో అమ్ముతున్నారు చూడండి, అదే. పచ్చి మిరపకాయ కొరుక్కుంటూ తాగితే చలి ఎటు పోయేదో తెలిసేది కాదు. సాయంత్రం ఆ మూడిటుకల నిప్పుల్లోనే తేగలు కాల్చేవాళ్లం.

మసి వదిలించడం మాత్రం నరకం. గీకితే పైపొర పొడిలా రాలుతుంది, లోపలిది జిడ్డు. ఆ జిడ్డు మీద ఎంత సున్నం వేసినా నాలుగు రోజులకి పసుపు మరకలు పైకి తేలతాయి. చాకలి సోడా వేడి నీళ్లలో కలిపి, కొబ్బరి పీచుతో గోడలు తోమాం. నా మొహం మీద కళ్లు తప్ప మరేమీ కనిపించడం లేదని అన్నయ్య ఒకటే నవ్వు. గోడలు ఆరాక గుల్ల సున్నం. కుండలో గుల్లలు వేసి నీళ్లు పోస్తే కుతకుతా ఉడికేది. దగ్గరికి రావద్దని నాన్న కేకలు. సున్నం చేతికి అంటకుండా ఉండాలంటే వజ్రం జిగురు కలపాలని షాపులో చెప్పారు. అది పశువుల తోలు, ఎముకలతో చేస్తారని తెలిసి మామ్మ వంటింట్లోకి రానివ్వలేదు. గంజి, గుప్పెడు నౌపడ ఉప్పు వెయ్యమంది. వేశాం. గోడకి ఆనుకుని నిలబడినా చీరకి సున్నం అంటలేదు.

వాసాలకున్న మసిని మాత్రం మామ్మ తుడవనివ్వలేదు. "ఆ పొగే దానికి మందు" అంది. నిజమే, వంటింటి వాసాలకి ఒక్క పురుగు కన్నం లేదు. పక్క గదిలో వాసాలు మాత్రం తట్టితే పొడి రాలేవి. పొయ్యి పైన వేలాడదీసిన ఆనప, బీర విత్తనాల మూటలు కూడా పొగ చలవతోనే మరుసటి ఏడాదికి నిలిచేవి. అందుకే ఒక కట్టెల పొయ్యి పొగగూడు కిందే ఉంచాలని రాజీ కుదిరింది. నాన్న దీన్ని మామ్మ గెలుపుగా ఒప్పుకోలేదు. "టెక్నికల్ కారణాల వల్ల" అనేవారు.

ఇసక మడపాం దగ్గర ఏట్లోంచి ఎడ్లబండి మీద వచ్చింది. కళింగపట్నం వైపు నుంచి సముద్రపు ఇసక చవగ్గా తోలిస్తానన్నవాణ్ణి నాన్న గుమ్మంలోంచే పంపేశారు. ఉప్పు ఇసకతో కడితే గోడకి తెల్లటి పొక్కు వస్తుంది, లోపల ఇనుముంటే తుప్పు పడుతుంది. ఇసక జల్లెడ పట్టడం నా వంతు. ఇటుకల్ని ముందు రోజే నీళ్ల తొట్లో నానబెట్టాలి, లేకపోతే అవి సిమెంటులోని నీళ్లు తాగేస్తాయి. కట్టుబడికి ఒకటికి ఆరు, పూతకి ఒకటికి నాలుగు. ఈ లెక్కలు నాకు ఇప్పటికీ పప్పూ బియ్యం కొలతల కన్నా బాగా గుర్తున్నాయి.

మూల సరిగ్గా తొంభై డిగ్రీలు రావాలి కదా, దానికి నాన్న మూలమట్టం కూడా తియ్యలేదు. పురికొసకి ముళ్లు వేసి ఒక గోడ వెంట 3 అడుగులు, ఇంకో గోడ వెంట 4 అడుగులు కొలిచి, ఆ రెండు చివర్ల మధ్య దూరం చూడమన్నారు. 5 అడుగులు ఉండాలి. రెండంగుళాలు తక్కువ వచ్చింది. "మీ తాత కట్టిన గోడే వంకర" అన్నారు నాన్న సంతోషంగా. మామ్మ లోపల్నుంచి, "ఆ వంకర గోడే నిన్ను పెంచినాది" అంది. స్కూల్లో పైథాగరస్ సిద్ధాంతం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదాన్ని, అది దేనికి పనికొస్తుందో ఆ ఇసక మీద కూర్చున్నాక తెలిసింది.

బండ కథ వేరు. కడప బండ వేద్దామని మొదట అనుకున్నారు. కానీ టెక్కలి ఎంత దూరం? అక్కడి కొండల నీలి గ్రానైట్ ఓడలెక్కి దేశాలు దాటి పోతోంది, మనం కడప నుంచి తెప్పించుకోవడమేమిటని నాన్న పట్టుదల. హైవే పక్కన పాలిషింగ్ చేసే చోటికి వెళ్లి, కటింగులో మిగిలిపోయిన ముక్కల గుట్టలో వెతికాం. బూడిద రంగు మీద నీలి చారలు, తడిపితే చారలన్నీ లేచి కనిపించేవి. ఒక మూల చిన్న పెచ్చు ఊడిన 6 అడుగుల ముక్క దొరికింది. రెండడుగుల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, 60 కిలోల దాకా బరువు. బండని పడుకోబెట్టి తేకూడదట, గతుకుల్లో మధ్యకి విరుగుతుంది. ఆటోలో ఎండుగడ్డి పరిచి, అంచు మీద నిలబెట్టి, తాళ్లతో కట్టి తెచ్చాం. దారి పొడవునా నాన్న చెయ్యి దాని మీదే ఉంది. దింపడానికి వీధిలో మగవాళ్లంతా వచ్చారు. పెచ్చు ఊడిన మూలని గోడ వైపు తిప్పేశారు.

సిమెంటు ఆరితే గట్టిపడుతుందని నేను అనుకునేదాన్ని. "ఆరి కాదమ్మడూ, తాగి గట్టిపడుతుంది" అని నాన్న గోనె సంచులు తడిపి గట్టు చుట్టూ కప్పించారు. వారం పైన పొద్దునా సాయంత్రం నీళ్లు పోయాలి. ఆ చలిలో చెయ్యి చెంబులో పెడితే జివ్వుమనేది.

పైపుల పనిలో నాన్న రాజు. స్నానాల గది మీద డ్రమ్ము ఎక్కించి, అక్కణ్ణుంచి వంటింటికి పైపు లాగి కుళాయి బిగించారు. తొట్టిలోంచి పోయే నీళ్లు అరటి పాదుల్లోకి వెళ్లాలి. పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. దానికి పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టంలో నీళ్లు పోసి, ఒక చివర నేను, ఒక చివర అమ్మ పట్టుకున్నాం. ఎంత దూరంగా పట్టుకున్నా రెండు వైపులా నీటి మట్టం ఒకటే. మధ్యలో గాలి బుడగ ఉంటే మాత్రం అబద్ధం చెబుతుంది. "నీ వైపు ఎక్కడుంది?" "గీత మీదుంది." "సరిగ్గా చూడవే!" అని నాన్న అరిస్తే అమ్మ, "నాకు కళ్లున్నాయి, మీరే బుడగ తియ్యలేదు" అంది. నిజంగానే బుడగ ఉంది.

గ్యాసు విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినలేదు. వంట గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, కిటికీలోంచి పోదు. అందుకని సిలిండరు పెట్టే చోట గోడకి నేల మట్టంలో ఒక ఇటుకంత కన్నం పెట్టారు. పాములొస్తాయని అమ్మ గోల. ఇనప జాలీ బిగించాక ఊరుకుంది. పైన నాటు పెంకులు కొన్ని తీసి గాజు పెంకు పెట్టారు. దాంతో వంటింట్లోకి ఎండ పలక ఒకటి దిగింది. అది తిరగలి మీదికి వస్తే ఎసరు పెట్టాలని, గుమ్మం దాటితే పొలం నుంచి మనుషులొస్తారని మామ్మ లెక్క. కొత్త వంటింట్లో ఆవిడ మెచ్చుకున్నది అదొక్కటే. బుడితి ఇత్తడి సామాను కోసం ఆవిడ గుండిగ వెడల్పు కొలిచి మరీ అల్మారా కట్టినా, "గుండిగ దింపడానికి మనిషి గావాల" అని పెదవి విరిచింది.

పండగ నెల పట్టడానికి ముందే పాలు పొంగాయి. మామ్మ పాలు కట్టెల పొయ్యి మీద, అమ్మ పాలు స్టవ్ మీద. ఎవరివి ముందు పొంగాయో చెప్పను, ఇప్పటికీ ఇంట్లో తగువే. ఆ సంక్రాంతికి అరిసెల పాకం కట్టెల పొయ్యి మీదే పట్టారు, చలిమిడి మాత్రం కొత్త గట్టు మీద కలిపారు. అమ్మ ఆ గట్టు ముందు నిలబడి అరిసెలు ఒత్తుతుంటే ఆవిడ భుజాలు ఎంత కిందికి ఉన్నాయో నేను మొదటిసారి గమనించాను. క్వార్టర్స్‌లో అవి ఎప్పుడూ చెవుల దగ్గరే ఉండేవి.

భోగి నాడు హైదరాబాదు నుంచి మేస్త్రి దిగాడు. మాకు వరసకి మావయ్య. వంటింట్లోకి వచ్చి గట్టు మీద అరచెయ్యి రాశాడు, వంగి అంచు వెంట ఒంటి కన్నుతో చూశాడు, వేలి కణుపుతో పూతని అక్కడక్కడా తట్టి విన్నాడు. నాన్న చేతులు కట్టుకుని ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా నిలబడ్డారు.

"పని బాగున్నాది బావా. మట్టం తప్పు నేదు. కానీ ఇదేటి, ఇంత కిందకి ఎట్టేసినావు? గుంటలు ఆడుకోడానికేటి?"

నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ అరిసె తీస్తూ, "నా కొలతకి కట్టారు తమ్ముడూ" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న గీరకి మావయ్య ఇంకేం మాట్లాడలేదు, ప్లేటు అందుకున్నాడు.

నాన్నా లేరు, మామ్మా లేదు. అమ్మ విశాఖలో అన్నయ్య దగ్గర ఉంటుంది. 2018లో తిత్లీ తుఫానుకి పెంకులు చాలా ఎగిరిపోతే అన్నయ్య మళ్లీ నేయించాడు. వంటింటి గోడలు, గట్టు చెక్కు చెదరలేదు. ఇప్పుడు ఏటా డిసెంబరులో అన్నయ్య వాళ్లే వెళ్లి పండగ దాకా ఉంటున్నారు. చిక్కల్లా ఏమిటంటే మా వదిన పొడుగు మనిషి. 29 అంగుళాల గట్టు దగ్గర వంగి వంగి నడుం పడిపోతోందని, స్టవ్ కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని వండుతోంది. గట్టు పగలగొట్టి ఎత్తు పెంచుదామని అన్నయ్య. అమ్మ ఆ మాట ఎత్తితే చాలు, "నాకు మోకాళ్లు బాగుంటే నేనూ ఒక నెల అక్కడుండాలి కదా" అంటుంది. మొన్న ఫోన్లో నేను చెప్పాను, గట్టు అలాగే ఉంచి దాని ఎదురు గోడకి వదిన కొలతకి ఇంకోటి కట్టించమని. మేస్త్రీలు దొరకరని అన్నయ్య. నోటు పుస్తకం నా దగ్గరుంది, పైథాగరస్ నాకు వచ్చు, ఇసక జల్లెడ పట్టడానికి మీ పిల్లల్ని సిద్ధం చెయ్యమన్నాను. టెక్కలి నుంచి బండ తెచ్చే ఆటో మాత్రం వాణ్ణే మాట్లాడుకోమన్నాను.